పాఠం చెప్పిందా, మీరు చెప్తున్నారా?

 

ఈవారం ఇంగ్లీషు పరీక్ష గురించి మాట్లాడమన్నారు. ఐఈఎల్‌టీఎస్ అనగానే మనవాళ్ళకి కాలేజీ రోజులు గుర్తొస్తాయి. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక కోచింగు సెంటరు, చేతిలో మూడు వేల పదాల లిస్టు, బస్సులో కూచుని వాటిని బట్టీ కొట్టడం. నేను కూడా 2010లో ఇక్కడ మాస్టర్స్‌లో చేరే ముందు ఆ బస్సు ఎక్కినవాణ్ణే. ఆ వయసులో అది పెద్ద కష్టమనిపించదు. ఇవ్వాళ నేను మాట్లాడేది ఆ కుర్రాళ్ళ గురించి కాదు. ముప్ఫై అయిదో నలభయ్యో దాటాక, పిల్లల్ని స్కూల్లో దింపి, డ్యూటీకి వెళ్ళొచ్చి, రాత్రి పదింటికి డైనింగు టేబుల్ మీద పుస్తకం తెరిచే వాళ్ళ గురించి. మన ఇళ్ళల్లో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో ఒకావిడ ఉన్నారు, మా వదిన. ఖమ్మం జిల్లాలో పుట్టి హైదరాబాదులో నర్సింగు చదివి, కువైట్లో ఏడేళ్ళు పనిచేశారు. తర్వాత మా అన్నయ్యతో ఇంగ్లండు వచ్చారు. ఇప్పుడు ఒక కేర్ హోములో హెల్త్‌కేర్ అసిస్టెంటు. చేసే చేతులు అవే, చూసే రోగులు కూడా దాదాపు అలాంటివాళ్ళే. యూనిఫారం రంగు వేరు, జీతం వేరు, ఇంజెక్షన్ ట్రే ముట్టుకునే హక్కు లేదు. ఆ హక్కు రావాలంటే ఇక్కడి నర్సింగు కౌన్సిల్ ఎన్ఎంసీలో పేరు నమోదు కావాలి. దానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసేవాళ్ళకి రీడింగు, లిజనింగు, స్పీకింగు మూడింట్లోనూ 7, రైటింగులో 6.5 రావాలి. ఓఈటీ అని వైద్యరంగం వాళ్ళకి వేరే పరీక్ష కూడా ఉంది, అదైనా రాసుకోవచ్చు. ఇంగ్లీషు గండం దాటాక కంప్యూటరు మీద ఒక పరీక్ష, ఓస్కీ అని ప్రాక్టికల్ పరీక్ష ఇంకా ఉంటాయి. కానీ అవి మా వదినకి భయం లేదు, అది ఆవిడ సొంత పని. భయమంతా రీడింగుతోనే. రెండుసార్లు రాశారు. రెండుసార్లూ మిగతావన్నీ దాటి రీడింగులో 6.5 దగ్గర ఆగిపోయారు. ఒక్కోసారికి దాదాపు రెండు వందల పౌన్లు.

రెండో రిజల్టు వచ్చిన రోజు ఆవిడ, "నాకు ఇంగ్లీషు రాదేమోనయ్యా" అన్నారు. రోజూ ఎనిమిది గంటలు ఇంగ్లీషులోనే ముసలివాళ్ళని నవ్వించి, కోప్పడి, మందులు మింగించి వచ్చే మనిషి ఆ మాట అనడం నాకు అన్యాయంగా తోచింది. అందుకని ఆవిడ చేసిన ప్రాక్టీసు పేపర్లన్నీ తెచ్చుకుని ఒక శనివారమంతా ముందేసుకుని కూచున్నాను. మాటల అర్థం తెలియక పోయిన మార్కులు చాలా తక్కువ. మిగతావి ఎక్కడ పోయాయో చెప్పడమే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు పరీక్ష స్వరూపం రెండు ముక్కల్లో. అకడమిక్ రీడింగులో మూడు పెద్ద పాఠాలు, నలభై ప్రశ్నలు, అరవై నిమిషాలు. నలభైలో సుమారు ముప్ఫై కరెక్టయితే 7 వస్తుంది. జనరల్ ట్రైనింగు అనే రెండో రకంలో పాఠాలు తేలిక, కానీ 7 రావాలంటే సుమారు ముప్ఫై నాలుగు కావాలి. కెనడా వెళ్ళాలనుకునే మన కుటుంబాలు చాలావరకు రాసేది ఈ రెండోది. కాబట్టి 6.5కీ 7కీ మధ్య తేడా ఒక భాషంత కాదు, రెండు మూడు ప్రశ్నలంత. ఆ రెండు మూడు ప్రశ్నల వెనక ఒక మనిషి ఉద్యోగం ఆగి ఉంటుంది, అదీ సంగతి.

ఇక మార్కులు పోయే మొదటి చోటు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని ఒక రకం ప్రశ్న ఉంటుంది. ఒక వాక్యం ఇస్తారు. పాఠం ఆ మాటే చెప్తే ట్రూ. దానికి విరుద్ధంగా చెప్తే ఫాల్స్. ఆ సంగతే ఎత్తకపోతే నాట్ గివెన్. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, చదువుకున్నవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే. ఎందుకంటే వాళ్ళకి విషయం ముందే తెలుసు!

మా వదిన కోసం నేనే ఒక చిన్న పేరా రాశాను. మీరూ వినండి. "1847లో వియన్నా ఆసుపత్రి ప్రసూతి విభాగంలో పనిచేస్తున్న సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష చేసి వచ్చినవాళ్ళు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కున్నాకే బాలింతల్ని ముట్టుకోవాలని నియమం పెట్టాడు. ఆ తర్వాత అక్కడ మరణాలు బాగా తగ్గాయి. అయినా చాలామంది డాక్టర్లు ఆయన మాట ఒప్పుకోలేదు." ఇంతే పేరా. దాని కింద మూడు వాక్యాలు. ఒకటి, నియమం పెట్టాక మరణాలు తగ్గాయి. రెండు, డాక్టర్లందరూ ఆయన మాట ఒప్పుకున్నారు. మూడు, తమ చేతులు మురికివంటే అవమానంగా తోచి డాక్టర్లు ఒప్పుకోలేదు.

మొదటిది ట్రూ, రెండోది ఫాల్స్, ఆవిడ టక్కున చెప్పేశారు. మూడోదానికి కూడా అంతే వేగంగా ట్రూ అన్నారు.

"ఎక్కడుంది వదినా?" అన్నాను.

"ఎక్కడుండటమేంటయ్యా, మాకు నర్సింగు మొదటి సంవత్సరంలోనే చెప్పారు కదా. ఆ డాక్టర్లకి అహం!"

"చెప్పే ఉంటారు. ఈ పేరా చెప్పిందా?"

ఆవిడ మళ్ళీ చదివారు. ఒప్పుకోలేదని ఉంది, ఎందుకు ఒప్పుకోలేదో లేదు. నాట్ గివెన్. "అయితే తెలిసినవాళ్ళకి శిక్షా?" అన్నారు. ఒకరకంగా నిజమే. ఈ పరీక్ష మీకేం తెలుసు అని అడగటం లేదు. ఎదురుగా ఉన్న కాయితం ఏం చెప్తోందో చూడగలరా అని అడుగుతోంది.

నాకిది రోజూ ఉండే తంటానే. క్లయింటు పంపే రిక్వైర్‌మెంట్లు చదివి అందులో ఏముందో, ఏం లేదో చెప్పడమే నా ఉద్యోగం. "ఆర్డరు పెట్టగానే కస్టమరుకి ఈమెయిల్ వెళ్ళాలి" అని ఉంటుంది. ఆర్డరు రద్దయితే వెళ్ళాలా? కొత్తగా చేరిన కుర్రాళ్ళు "వెళ్తుంది కదా, మామూలేగా" అంటారు. మామూలే అని ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. అది మన బుర్రలోంచి వచ్చింది. సాఫ్టువేరులో అయితే క్లయింటుకి ఫోను చేసి అడగొచ్చు. పరీక్ష హాల్లో ఫోను చేయడానికి ఎవరూ ఉండరు కాబట్టి నాట్ గివెన్ అని రాసి ముందుకి పోవాలి.

దీనికి మేము పెట్టుకున్న పద్ధతి వేలు పెట్టడం. ట్రూ అన్నా ఫాల్స్ అన్నా ఆ మాట ఉన్న వాక్యం మీద వేలు పెట్టాలి. ఫాల్స్‌కి కూడా, ఆ, మరీ ముఖ్యంగా ఫాల్స్‌కే. విరుద్ధంగా చెప్పే వాక్యం చూపించలేకపోతే అది ఫాల్స్ కాదు. వేలు పెట్టడానికి చోటు లేకపోతే నాట్ గివెన్. మా అన్నయ్య కూతురికి తొమ్మిదేళ్ళు, దానికి ఈ ఆట తెగ నచ్చింది. స్కూలు నుంచి వచ్చే ఉత్తరాలు, ఇంటికొచ్చే కౌన్సిలు ఉత్తరాలు తీసి వాళ్ళమ్మకి వాక్యాలు తయారుచేసి ఇస్తోంది. ఇప్పుడు ఇంట్లో ఏమన్నా అదే గొడవ. "కూర బాగుందా?" అని అడిగితే "నాట్ గివెన్" అంటుంది.

రెండో చోటు చిన్న మాటలు. పదాల లిస్టులో ఉండే పెద్ద పెద్ద మాటలు కావు. ఓన్లీ, మోస్ట్, సమ్, అన్‌లెస్, హార్డ్‌లీ, ఫ్యూ లాంటివి. వీటి అర్థం అందరికీ తెలుసనుకుంటాం, అందుకే ఎవరూ ఆగి చూడరు. ఇక్కడే నాకొక అభిప్రాయం ఉంది, కోచింగు వాళ్ళకి నచ్చకపోవచ్చు. వాళ్ళు "తెలుగులో ఆలోచించొద్దు, ఇంగ్లీషులోనే ఆలోచించండి" అంటారు. పరీక్ష రోజున అది సరే, టైము ఉండదు. కానీ ప్రాక్టీసు రోజుల్లో తెలుగుని ఎందుకు బయటికి నెట్టాలి? నలభయ్యేళ్ళుగా పదును పెట్టుకున్న పనిముట్టు అది.

"ఫ్యూ నర్సెస్ అగ్రీడ్", "ఎ ఫ్యూ నర్సెస్ అగ్రీడ్", ఈ రెంటికీ తేడా ఏమిటని గ్రామరు పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. తెలుగులో చెప్పి చూడండి. ఎ ఫ్యూ అంటే కొందరు ఒప్పుకున్నారు. ఉత్త ఫ్యూ అంటే కొద్దిమందే ఒప్పుకున్నారు. ఆ చివరనున్న "ఏ" దీర్ఘంలో ఉంది తేడా అంతా. ఒకటి ఉన్నారని చెప్తుంది, రెండోది లేరని చెప్తుంది. అన్‌లెస్ అంటే "తే తప్ప". "అన్‌లెస్ ద డాక్టర్ అగ్రీస్" అంటే డాక్టరు ఒప్పుకుంటే తప్ప. హార్డ్‌లీ అంటే గట్టిగా అనుకుంటారు చాలామంది, హార్డ్‌లో చెల్లెలనుకుని. కాదు, దాదాపు లేదని. "హి హార్డ్‌లీ వర్క్స్" అంటే పని చేసీ చేయనట్టు చేస్తాడని. ఇలా ఒకసారి తెలుగులో కూచోబెట్టుకుంటే ఇక కదలదు.

మూడో చోటు పెద్ద వాక్యాలు. మన వాక్యానికీ వాళ్ళ వాక్యానికీ నడక వేరు. మనం "ప్రభుత్వం జరిమానా వేసిన కంపెనీ అమ్ముతున్న మందును వెనక్కి తీసుకున్నారు" అంటాం. చక్కగా మెట్టు తర్వాత మెట్టు. వర్ణన ముందు, మనిషో వస్తువో తర్వాత, అన్నిటికన్నా చివర క్రియ. ఇంగ్లీషులో వస్తువు ముందొస్తుంది, దాని వర్ణన వెనక వేలాడుతుంది. "ద డ్రగ్ సోల్డ్ బై ద కంపెనీ దట్ ద గవర్నమెంట్ హాడ్ ఫైన్డ్ హాజ్ బీన్ విత్‌డ్రాన్". హడావిడిగా చదివితే ఫైన్డ్ అయింది మందా, కంపెనీయా, విత్‌డ్రా అయింది ఎవరు, అంతా కలగాపులగం అవుతుంది. మా వదిన ఇలాంటి వాక్యంలో "సోల్డ్" దగ్గరే క్రియ దొరికిందనుకుని ఆగిపోయేవారు. మందు అమ్మింది అన్నట్టు. అది అసలు క్రియ కాదు, మన "అమ్మిన" లాంటిది. అసలు క్రియ చివర్లో ఉన్న "హాజ్ బీన్ విత్‌డ్రాన్".

దీనికి రోజూ ఒక్క వాక్యం చాలు. పేపర్లో అన్నిటికన్నా పొడుగు వాక్యం ఒకటి ఎంచుకోవడం, దాన్ని మాటకి మాట కాకుండా మన ఇంట్లో మాట్లాడే తెలుగులోకి తిప్పి గట్టిగా చెప్పడం. తెలుగు వాక్యం సాఫీగా వచ్చిందంటే అర్థమైనట్టే. ఎక్కడ నట్టు పడిందో అక్కడే అర్థం కాలేదని లెక్క. పది నిమిషాల పని. రైల్లో ఊరికే పంచే మెట్రో పేపరు చాలు దీనికి. మందుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాయితం అయితే ఇంకా మంచిది, ఒక్కో వాక్యం సంకెళ్ళలా ఉంటుంది.

ఇక గ్రామరు. ఐఈఎల్‌టీఎస్‌లో గ్రామరుకి వేరే పేపరు లేదు. పాతకాలపు టోఫెల్‌లో తప్పులు పట్టుకునే భాగం ఉండేది, 2005లో ఇంటర్నెట్టు టోఫెల్ వచ్చినప్పుడు అది తీసేశారు. అందుకని గ్రామరు అక్కర్లేదని కొందరు అనుకుంటారు. కానీ రైటింగులో నాలుగో వంతు, స్పీకింగులో నాలుగో వంతు గ్రామరుకే. రీడింగులో దాని పేరు కనపడదు గానీ ప్రశ్నల్లో దాక్కుని ఉంటుంది. "షి వర్క్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే పదేళ్ళు చేసింది, ఇప్పుడు లేదు. "షి హాజ్ వర్క్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే ఇంకా ఇక్కడే ఉంది. కింద ప్రశ్న "ఆమె ఆ ఉద్యోగం మానేసింది" అని ఉందనుకోండి, ఆ ఒక్క హాజ్ మీద మార్కు ఆధారపడుతుంది.

మనవాళ్ళ తప్పులు ఎక్కణ్ణుంచి వస్తాయో చూస్తే భలే ఉంటుంది. తప్పులన్నీ మంచి తెలుగే! "2012 నుంచి ఇక్కడే ఉంటున్నాను" అన్నదాన్ని మనం "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2012" అంటాం. తెలుగులో "ఉంటున్నాను" ఒక్కటే నిన్నటినుంచి ఇవ్వాళ్టిదాకా మోస్తుంది. ఇంగ్లీషులో ఆ మోతకి వేరే రూపం కావాలి, "ఐ హావ్ బీన్ లివింగ్". "స్టేషను ఎక్కడుందో తెలియదు" అన్నదాన్ని "ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద స్టేషన్" అంటాం. ప్రశ్న ఇంకో వాక్యం కడుపులో దూరాక వాళ్ళు దాన్ని మామూలు వాక్యంలా నిలబెడతారు, "వేర్ ద స్టేషన్ ఈజ్".

నాకు అన్నిటికన్నా ఇష్టమైన తప్పు ఇంకోటుంది. మనం "రవి వస్తానన్నాడు" అంటాం. వస్తాను అన్న మాట రవి నోట్లోదే, దాన్ని అలాగే ఎత్తి "అని" తగిలిస్తాం. అదే పద్ధతిలో "రవి సెడ్ దట్ ఐ విల్ కమ్" అంటే వినే ఇంగ్లీషువాడు మీరొస్తారనుకుని ఇంకో కుర్చీ వేస్తాడు. "రవి సెడ్ దట్ హి వుడ్ కమ్" అనాలి. కేర్ హోములో డ్యూటీ మారేటప్పుడు రోగి గురించి చెప్పే చోట ఇలాంటిది దొర్లితే నవ్వులాట కాదు. "షి సెడ్ ఐ టుక్ ద టాబ్లెట్" అంటే మాత్ర మింగిందెవరు, రోగా, నర్సా? వదినకి ఈ ఉదాహరణ చెప్పినప్పటినుంచి గ్రామరు మీద విసుగు తగ్గింది. అంతకుముందు అది పరీక్ష వాళ్ళు పెట్టే బాధ అనుకునేవారు.

లేదా అని అడిగినప్పుడు జవాబు కూడా చూసుకోండి. "అన్నం తినలేదా?" అంటే మనం "అవును, తినలేదు" అంటాం. వాళ్ళు "నో, ఐ డిడ్న్ట్" అంటారు. ఇదైతే ఆసుపత్రిలో, బ్యాంకులో, ఎయిర్‌పోర్టులో మన పెద్దవాళ్ళకి రోజూ చిక్కు తెచ్చేదే. పరీక్ష లేని వాళ్ళు కూడా నేర్చుకోదగ్గది.

పుస్తకాల సంగతి అడుగుతారు. ఇంట్లో రెన్ అండ్ మార్టిన్ ఉంటే ఉండనివ్వండి, నాన్నగారి జ్ఞాపకంగా బాగుంటుంది. ప్రాక్టీసుకి మాత్రం రేమండ్ మర్ఫీ రాసిన ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్ నయం. ఎడమ పేజీలో సంగతి, కుడి పేజీలో అభ్యాసం. మొదటినుంచి చివరిదాకా చేయక్కర్లేదు, మీ తప్పు ఏ పేజీలో ఉందో ఆ పేజీ చేస్తే చాలు. రీడింగుకి కేంబ్రిడ్జి వాళ్ళ పాత పరీక్ష పేపర్ల పుస్తకాలు ఉన్నాయి. ఇక్కడి చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఇవి దొరుకుతాయి, కొనే ముందు అడగండి.

రోజుకో పేపరు చొప్పున ముప్ఫై పేపర్లు చేశాం అని చెప్పుకునేవాళ్ళని చూశాను. బరువు చూసుకోవడానికి రోజుకి పదిసార్లు మిషను ఎక్కినట్టుంటుంది అది. వారానికి ఒక పేపరు చేసి, మిగతా వారమంతా దాని తప్పులతో గడపడం మేలు. మేము ఒక నోటుబుక్కు పెట్టాం. తప్పయిన ప్రతి ప్రశ్నకీ జవాబు ఏ వాక్యంలో ఉందో, ఏ మాట మోసం చేసిందో తెలుగులోనే రాయడం. మొదటి రెండు వారాలు గడియారం చూడకుండా. ఆ తర్వాతే పాఠానికి ఇరవై నిమిషాలు. మూడో పాఠం ఎప్పుడూ బరువు కాబట్టి మొదటిదాంట్లో రెండు మూడు నిమిషాలు మిగుల్చుకుంటే మంచిది. మూడో వారానికి వదిన నోటుబుక్కులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది, "నాకు ముందే తెలుసు అనుకున్నాను" అని. అది చూసి ఆవిడే నవ్వుకున్నారు. ఆ నెలాఖరుకి ప్రాక్టీసులో ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు వస్తున్నాయి. వచ్చే నెల మూడోసారి రాస్తున్నారు.

కొన్ని చిన్న సంగతులు చెప్పి సెలవు తీసుకుంటాను. తప్పు జవాబుకి మార్కులు తీసేయరు, కాబట్టి ఏ గడీ ఖాళీగా వదలొద్దు. రెండు మాటల కన్నా మించకూడదు అంటే మూడో మాట రాస్తే జవాబు సరైనదైనా సున్నాయే. స్పెల్లింగు తప్పినా అంతే. కాయితం మీద రాసే లిజనింగులో జవాబులు ఎక్కించుకోవడానికి పది నిమిషాలు ఇస్తారు, రీడింగులో ఇవ్వరు, అరవై నిమిషాల్లోనే అన్నీ. నర్సులకి ఇంకో మాట. రెండుసార్లు రాసిన మార్కులు కలుపుకునే వీలు ఎన్ఎంసీ ఇస్తోంది, దానికి ఇంత తక్కువ కాకూడదు, ఇన్ని నెలల్లోపు రాసి ఉండాలి అని షరతులున్నాయి. ఫీజు కట్టే ముందు వాళ్ళ వెబ్‌సైటులో స్వయంగా చదువుకోండి, వాట్సాప్‌లో వచ్చింది నమ్మొద్దు. చదివేటప్పుడు ఎలాగూ వేలు పెట్టి చదువుతారుగా!

మీ ఇళ్ళల్లో దొర్లే ఇలాంటి తెలుగు ఇంగ్లీషు వాక్యాలు ఏమైనా ఉంటే రేడియోకి రాసి పంపండి, వీలైతే ఇంకోసారి వాటి గురించే మాట్లాడుకుందాం.